నేల ఉసిరి కషాయంతో వెండి నానో కణాలు: మడ్డి ఎందుకు దిగింది, అంకెలు ఎందుకు తగ్గాయి

ప్రశ్న క్లుప్తంగా ఇది. గుంటూరులో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థిని నేల ఉసిరి కషాయంలో సిల్వర్ నైట్రేట్ కలిపారు. గంటలోపే ముదురు గోధుమ రంగు వచ్చింది. మూడో రోజుకి ఫ్లాస్కు అడుగున నల్లటి మడ్డి దిగింది. యాంటీఆక్సిడెంట్ బలాన్ని కొలిచే డీపీపీహెచ్ పరీక్షలో, 100 మైక్రోగ్రాముల చొప్పున పోలిస్తే, నానో కణాలకి ఉత్త కషాయం కన్నా తక్కువ శాతం వస్తోంది. స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా పెంచిన అగర్ జెల్లీ ప్లేటులో 6 మిల్లీమీటర్ల వెల్ (నమూనా పోసే గుంట) చుట్టూ, బ్యాక్టీరియా పెరగని జోన్ మొత్తం 9 మిల్లీమీటర్లు మాత్రమే వచ్చింది. "రెండూ కలిస్తే బలం పెరగాలి కదా, తగ్గిందేమిటి? దుగ్గిరాల పసుపుకి మారిపోనా? ఇది పుండ్ల మీద రాయడానికి పనికొస్తుందా?" అని అడిగారు.

మొక్క మార్చకండి. లోపం మొక్కలో లేదు. మీ ఫ్లాస్కులో ఇప్పుడు కనీసం మూడు సరుకులు కలిసి ఉన్నాయి: వెండి కణాలు, కణాలుగా మారకుండా మిగిలిన వెండి అయాన్లు, కణాలకి అంటకుండా నీళ్లలోనే ఉన్న కషాయం. నాలుగోది సిల్వర్ క్లోరైడ్ కూడా ఉందని నా అనుమానం. అన్నిటినీ కలిపి ఒకే సీసాగా పరీక్షిస్తే వచ్చిన అంకె దేనిదో ఎవరూ చెప్పలేరు. విడదీసి చూస్తే మీ మూడు సమస్యలకీ వేర్వేరు కారణాలు బయటపడతాయి.

ముందు మడ్డి సంగతి. వెండికి, క్లోరైడ్‌కి ఒకే గిన్నెలో పొసగదు. కలిసిన మరుక్షణం తెల్లటి సిల్వర్ క్లోరైడ్ విరిగి, వెలుతురు తగిలేకొద్దీ బూడిద రంగుకి, ఆపైన నలుపుకి తిరుగుతుంది. కాబట్టి మొదట నీళ్లని పరీక్షించండి. శుభ్రమైన టెస్ట్ ట్యూబులో 10 మి.లీ. నీళ్లు తీసుకుని 0.1 మోలార్ సిల్వర్ నైట్రేట్ రెండు చుక్కలు వేసి, నల్ల కాగితం ముందు పట్టుకుని చూడండి. విజయవాడ కుళాయి నీళ్లయినా, గుంటూరు బోరు నీళ్లయినా ట్యూబు పాలలా తెల్లబడుతుంది. డిస్టిల్డ్ వాటర్ అని క్యాన్ మీద రాసి ఉన్నా సరే, క్యాన్ తెరిచిన ప్రతిసారీ ఈ రెండు చుక్కల పరీక్ష చేయాల్సిందే. గాజు సామాను కుళాయి కింద కడిగి ఆరబెట్టడం ఇంకో తప్పు. 10 శాతం నైట్రిక్ ఆమ్లంతో కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు కడగాలి.

చాలామందికి తట్టని దారి మరొకటుంది: పీహెచ్ మీటరు. దాని ఎలక్ట్రోడ్ లోపల ఉండేది గాఢమైన పొటాషియం క్లోరైడ్ ద్రావణం, అది కొద్దికొద్దిగా బయటికి కారుతూనే ఉంటుంది. ఎలక్ట్రోడ్‌ని రియాక్షన్ బీకరులో ముంచి పది నిమిషాలు కలియబెడితే మీ చేతులతో మీరే క్లోరైడ్ పోసినట్టు. చిన్న సీసాలోకి 2 మి.లీ. తీసి పీహెచ్ చూసి, ఆ 2 మి.లీ. పారేయండి. పీహెచ్ తగ్గించడానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడకూడదని వేరే చెప్పక్కర్లేదు. అవసరమైతే పల్చటి నైట్రిక్ ఆమ్లం వాడండి.

నీళ్లు, గాజు బాగున్నా ఆకులోంచే క్లోరైడ్ రావచ్చు. పొలం గట్ల మీద ఏరిన మొక్క అయితే ఈ అనుమానం గట్టిగా పెట్టుకోవాలి, ఎందుకంటే పంటకి వేసే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ అంటే పొటాషియం క్లోరైడే. మిర్చి చేల గట్లయితే ఇంకో ప్రమాదం ఉంది. అక్కడ తెగుళ్లకి కాపర్ ఆక్సీక్లోరైడ్ కొడతారు. ఆ రాగి ఆకు మీద మిగిలి ఉంటే ప్లేటు మీద బ్యాక్టీరియాని అది కూడా చంపుతుంది, ఆ పేరు నేల ఉసిరికి పోతుంది. మందు కొట్టని చోట ఏరండి. ఏరిన చోటు, తేదీ నోటుబుక్కులో రాసుకోండి.

గుర్తింపు కూడా సరిచూసుకోండి. నేల ఉసిరి పేరుతో మన దగ్గర ఒకటికి మించి ఫిల్లాంథస్ జాతులు దొరుకుతాయి. ఫిల్లాంథస్ అమారస్‌కి రెమ్మ కింద వరసగా వేలాడే కాయలు నున్నగా, చిన్న కాడతో ఉంటాయి. ఫిల్లాంథస్ యూరినేరియాకి కాయలు గరుకుగా, దాదాపు కాడ లేకుండా రెమ్మకి అంటుకుని ఉంటాయి, కాండం ఎర్రబారి ఉంటుంది. పువ్వు, కాయ, వేరుతో సహా ఒక మొక్కని హెర్బేరియం షీటుగా (ఆరబెట్టి కాగితానికి అంటించిన నమూనాగా) చేసి నాగార్జున విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగం లాంటి చోట గుర్తింపు రాయించుకుంటే వైవాలో ఆ ప్రశ్నకి మాట తడబడదు.

మొక్కని కుళాయి నీళ్లతో మట్టి పోయేలా కడిగి, చివర డిస్టిల్డ్ వాటర్‌లో రెండుసార్లు ముంచి, నీడలో ఆరబెట్టండి. మన ఎండాకాలంలో నీడపట్టునే నాలుగైదు రోజుల్లో పెళుసుగా ఆరిపోతుంది. వానాకాలంలో అలా వదిలేస్తే బూజు పడుతుంది, అప్పుడు 40 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టడం మేలు. పొడి 5 గ్రాములు, నీళ్లు 100 మి.లీ., 60 నుంచి 70 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు. తెర్ల కాగనివ్వకండి. చల్లారాక పల్చటి గుడ్డలో, తర్వాత వాట్‌మన్ 1 కాగితంలో వడకట్టి, 5,000 ఆర్‌పీఎంలో 10 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ యంత్రంలో తిప్పి పైతేట తీసుకోండి. చివరి అడుగు మానేస్తే సన్నటి ఆకు నలక మిగిలి, రేపటి మడ్డికి అదే పునాది అవుతుంది. కషాయం 4 డిగ్రీల దగ్గర మూడు రోజులకి మించి దాచకండి.

నీళ్లలోకి వచ్చేవి ముఖ్యంగా జెరానిన్, కోరిలాజిన్ లాంటి టానిన్లు. నేల ఉసిరికి పేరు తెచ్చిన ఫిల్లాంథిన్ నీళ్లలో దాదాపు కరగదు. కాబట్టి నీటి కషాయంతో పని చేసి, థీసిస్‌లో ఫిల్లాంథిన్ వల్ల ఇలా జరిగిందని రాయకండి.

కషాయంలో క్లోరైడ్ ఉందో లేదో చూడాలంటే 2 మి.లీ. కషాయంలో నైట్రిక్ ఆమ్లం రెండు చుక్కలు వేసి, తేటగా ఉంటేనే సిల్వర్ నైట్రేట్ రెండు చుక్కలు వేయండి. వెంటనే తెల్లటి మసక కమ్మితే క్లోరైడ్ ఉన్నట్టే. అప్పుడు నీటి కషాయానికి బదులు 80 శాతం ఇథనాల్‌లో తీసి, ఇథనాల్‌ని ఎగరగొట్టి, మిగిలినదాన్ని నీళ్లలో కలుపుకోండి. లవణాలు ఇథనాల్‌లోకి తక్కువగా వస్తాయి.

ఇక కలపడం. 0.170 గ్రాముల సిల్వర్ నైట్రేట్ 100 మి.లీ. నీళ్లలో కరిగిస్తే 10 మిల్లీమోలార్ స్టాక్ అవుతుంది. ముదురు గోధుమ సీసాలో, ఫాయిల్ చుట్టి పెట్టండి. ఒక్కో ఫ్లాస్కులో 10 మి.లీ. స్టాక్ వేసి, కషాయం 1, 2, 5, 10 మి.లీ. చొప్పున నాలుగింటికి వేర్వేరుగా చేర్చి, నీళ్లతో 100 మి.లీ.కి తీసుకురండి. అన్నిట్లోనూ వెండి 1 మిల్లీమోలార్, అంటే మి.లీ.కి 108 మైక్రోగ్రాములు. ఈ అంకె గుర్తుంచుకోండి, జోన్ దగ్గర మళ్లీ కావాలి. వీటితో పాటు మరో రెండు ఫ్లాస్కులు: ఒకదాంట్లో వెండి మాత్రమే, ఇంకోదాంట్లో వెండి లేకుండా 5 మి.లీ. కషాయం మాత్రమే. అన్నిటికీ ఒకే పీహెచ్, ఒకే వేడి, ఒకే వెలుతురు.

ఉత్త కషాయం ఫ్లాస్కు ఎందుకంటే, క్షార స్థితిలో టానిన్లు గాలి తగిలి తమంతట తామే గోధుమ రంగుకి తిరుగుతాయి. రంగు మారింది కాబట్టి కణాలు వచ్చాయనడం చెల్లదు. 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 8 దగ్గర ఆపండి. 10 దాటితే సిల్వర్ ఆక్సైడ్ గోధుమ నలుపుగా విరగవచ్చు, అది మరో రకం మడ్డి. 60 డిగ్రీల దగ్గర, అయస్కాంతం ఆగకుండా తిరుగుతుండగా, కషాయాన్ని చుక్కచుక్కగా వేయండి. ఒక్కసారిగా గుమ్మరిస్తే ఒకచోట టానిన్ ఎక్కువై కణాలు గుంపులు కడతాయి. మీకు గంటలోపే ముదురు రంగు వచ్చిందంటే కషాయం మరీ చిక్కగా పడి ఉండవచ్చు. మీ దగ్గర 2 మి.లీ. ఫ్లాస్కే అన్నిటికన్నా బాగా నిలవచ్చు.

మంచి ఫ్లాస్కుని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుంటే తేనెలా తేటగా, ఆవతలి గీతలు కనిపించేలా ఉంటుంది. చెడింది బురద నీళ్లలా మసకగా, అంచున బూడిద రంగు పొరతో ఉంటుంది. యూవీ-విజిబుల్‌లో (ద్రావణం ఏ వెలుగుని ఎంత పీల్చుకుంటుందో కొలిచే యంత్రంలో) 300 నుంచి 800 నానోమీటర్ల వరకు స్కాన్ చేయండి, పది రెట్లు పల్చన చేసి, అంతే పల్చన చేసిన ఉత్త కషాయాన్ని బ్లాంకుగా (సున్నా రీడింగుగా) పెట్టి. 410 నుంచి 430 మధ్య సన్నటి శిఖరం కావాలి. అది 450 దాటి చదునుగా పరుచుకుని, 600 తర్వాత కూడా గీత పైనే తేలుతుంటే కణాలు గుంపు కట్టాయి. 15, 30, 60, 120 నిమిషాలకీ, మర్నాడూ, మూడో రోజూ స్కాన్ తీసి ఒకే గ్రాఫు మీద పెట్టండి. మడ్డి కంటికి కనపడే ముందే గ్రాఫు చెబుతుంది.

ఎక్స్‌ఆర్‌డీకి (ఎక్స్ కిరణాలతో ఏ స్ఫటికమో గుర్తించే పరీక్షకి) పంపితే వెండికి 38.1, 44.3, 64.4, 77.4 డిగ్రీల దగ్గర శిఖరాలు రావాలి. 27.8, 32.2, 46.2 దగ్గర కూడా వస్తే అవి సిల్వర్ క్లోరైడ్‌వి. వాటిని కషాయంలోని సేంద్రియ పదార్థాల శిఖరాలని రాసి దాటేయడం తరచుగా కనిపిస్తుంది. అలా రాయకండి, మీ పని మీద నమ్మకం అక్కడే పోతుంది.

కడగకుండా ఏ పరీక్షా వద్దు. 15,000 జీ బలంతో (గురుత్వాకర్షణకి అన్ని రెట్లు) 30 నిమిషాలు తిప్పి, మొదటి పైతేటని పారేయకుండా వేరుగా దాచండి. అడుగున దిగినదాన్ని డిస్టిల్డ్ వాటర్‌లో సోనికేట్ చేసి (అతిధ్వని తరంగాలతో విడగొట్టి) కలిపి, ఇలా మూడుసార్లు. దాచిన పైతేటలో 1 శాతం ఉప్పు నీళ్లు నాలుగు చుక్కలు వేయండి. తెల్లబడితే వెండి అయాన్లు ఇంకా మిగిలే ఉన్నాయి, రియాక్షన్ పూర్తి కాలేదు. కడిగిన కణాలని ఓవెన్‌లో పొడి చేయకండి, ఒకసారి ఎండి అతుక్కున్నవి మళ్లీ నీళ్లలో విడవవు. ఎక్స్‌ఆర్‌డీకి కావలసినంత మాత్రం ఎండబెట్టి, మిగతాది ద్రావణంగానే 4 డిగ్రీల దగ్గర ఉంచండి. దాన్ని సెలైన్‌లోనో, ఫాస్ఫేట్ కలిసిన ఉప్పు ద్రావణం పీబీఎస్‌లోనో పల్చన చేయొద్దు. రెండిట్లోనూ క్లోరైడ్ ఉంది.

డీపీపీహెచ్ తగ్గడానికి అసలు కారణం చాలా సరళం. ఒక్కో వెండి అయాన్‌ని లోహంగా మార్చడానికి కషాయం ఒక్కో ఎలక్ట్రాన్ ఇవ్వాలి. డీపీపీహెచ్ ఊదా రంగుని పసుపుకి దించడానికీ కషాయంలోని అవే ఫినాల్స్ (టానిన్లు ఆ కోవలోవే) ఎలక్ట్రాన్లు ఇవ్వాలి. జేబులో ఉన్న ఒకే రూపాయిని రెండు కొట్లలో ఖర్చు పెట్టలేం. కణాలు తయారు చేయడంలో కషాయం బలం కొంత ఖర్చయిపోయింది, కాబట్టి కణాల శాతం తగ్గడం సహజం. అది మీ ప్రయోగం విఫలమైనట్టు కాదు, రసాయనం సవ్యంగా నడిచినట్టు. పైగా మీరు 100 మైక్రోగ్రాముల కషాయాన్ని 100 మైక్రోగ్రాముల కణాలతో పోల్చారు. కణాల బరువులో చాలా భాగం వెండే. పోలిక సమానం కావాలంటే రెండిట్లోనూ ఫోలిన్ పద్ధతిలో, 765 నానోమీటర్ల దగ్గర, గాలిక్ ఆమ్లంతో పోల్చి ఫినాల్స్ ఎంతున్నాయో కొలిచి, సమాన ఫినాల్స్ మీద ఐసీ50 (డీపీపీహెచ్ రంగుని సగానికి దించే గాఢత) పోల్చండి.

రెండో కారణం కొలతలో ఉంది. డీపీపీహెచ్‌ని 517 దగ్గర చూస్తారు. వెండి కణాల శిఖరం 420 దగ్గరున్నా దాని తోక 517 దాకా సాగుతుంది. ఉదాహరణకి కంట్రోల్ (నమూనా లేని డీపీపీహెచ్) రీడింగు 0.90, మీ నమూనా 0.45 అనుకోండి. లెక్క 50 శాతం. ఇప్పుడు డీపీపీహెచ్ లేకుండా ఉత్త మిథనాల్‌లో అంతే కణాలు వేసి చదివితే 0.15 వచ్చిందనుకోండి. ఆ 0.15 కణాల సొంత రంగు. తీసేస్తే 0.30, అసలు శాతం 66.7. ఈ శాంపిల్ బ్లాంకు ప్రతి గాఢతకీ విడిగా పెట్టాలి. కషాయానికీ పెట్టాలి.

డీపీపీహెచ్ 3.94 మి.గ్రా. 100 మి.లీ. మిథనాల్‌లో కరిగిస్తే 0.1 మిల్లీమోలార్. 2 మి.లీ. దానికి 1 మి.లీ. నమూనా, చీకట్లో 30 నిమిషాలు. నీటి భాగం సగం దాటనివ్వకండి, దాటితే డీపీపీహెచ్ తానే విరిగి మసకబారుతుంది. మిథనాల్‌లో కణాలు గుంపు కట్టి చదివేటప్పుడు కిందికి జారడం కూడా మామూలే. అందుకే తోడుగా ఏబీటీఎస్ అనే మరో యాంటీఆక్సిడెంట్ పరీక్ష కూడా చేయండి. అది నీళ్లలో నడుస్తుంది, చదివేది 734 దగ్గర, అక్కడ వెండి తోక బాగా సన్నగిల్లి ఉంటుంది. 7 మిల్లీమోలార్ ఏబీటీఎస్‌ని 2.45 మిల్లీమోలార్ పొటాషియం పర్‌సల్ఫేట్‌తో కలిపి రాత్రంతా చీకట్లో ఉంచి, 734 దగ్గర 0.70 వచ్చేదాకా పల్చన చేసుకోవాలి. రెండిట్లో ఒకటే ఎంచుకోమంటే నేను ఏబీటీఎస్‌నే ఎంచుకుంటాను.

జోన్ సంగతికొద్దాం. 50 మైక్రోలీటర్లు వేశారనుకుంటే, మి.లీ.కి 108 మైక్రోగ్రాముల లెక్కన వెల్‌లో పడిన వెండి 5.4 మైక్రోగ్రాములే. అది కూడా పూర్తిగా కణాలుగా ఉంటే అగర్‌లో పెద్దగా పాకదు. అగర్ జాలిలాంటిది, యాంటీబయాటిక్ అణువు దూరినట్టు కణం దూరలేదు. కాబట్టి చిన్న జోన్ అంటే బలం లేదని కాదు, నడవలేదని. మాధ్యమం ఏది వాడారో మీరు చెప్పలేదు. న్యూట్రియంట్ అగర్ అయితే అందులో లీటరుకి 5 గ్రాముల ఉప్పు ఉంటుంది, అయాన్లని అక్కడికక్కడే పట్టేస్తుంది. ముల్లర్ హింటన్ అగర్ వాడండి, 90 మిల్లీమీటర్ల ప్లేటుకి 25 మి.లీ., మందం 4 మిల్లీమీటర్లు. సూక్ష్మజీవులని 0.5 మెక్‌ఫార్లండ్‌కి, అంటే మి.లీ.కి సుమారు 15 కోట్లు ఉండే మసకకి సరిచేసుకోండి.

జోన్‌ని తొలి చూపుగా మాత్రం ఉంచి, అసలు తీర్పు ఎంఐసీ (బ్యాక్టీరియా పెరగకుండా ఆపే కనీస గాఢత) మీద పెట్టండి. 96 వెల్స్ ప్లేటులో ముల్లర్ హింటన్ బ్రాత్, రెండేసి రెట్లు తగ్గే గాఢతలు, ప్రతి వెల్‌లో మి.లీ.కి 5 లక్షల బ్యాక్టీరియా. వరసలు ఇలా ఉండాలి: కడిగిన కణాలు, ఉత్త కషాయం, దాచిపెట్టిన మొదటి పైతేట, కణాల్లో ఎంత వెండి ఉందో అంతే వెండి ఉన్న సిల్వర్ నైట్రేట్, ఒక యాంటీబయాటిక్. 100 మైక్రోగ్రాముల వెండికి 157 మైక్రోగ్రాముల సిల్వర్ నైట్రేట్ తూచాలి. పైతేట వరస కణాల వరస కన్నా గట్టిగా చంపుతుంటే, ఇన్నాళ్లూ మీరు చూసింది మిగిలిపోయిన అయాన్ల పనే. బాధగా ఉన్నా దాన్ని అలాగే రాయాలి.

రిసాజురిన్ అనే రంగు వేసి, అది నీలం నుంచి గులాబీకి మారితే బతికున్నట్టు అని చదువుతారు. ఇక్కడ జాగ్రత్త. ఎలక్ట్రాన్లు ఇచ్చే టానిన్లు బ్యాక్టీరియా లేకుండానే దాన్ని గులాబీ చేయగలవు. బ్యాక్టీరియా లేని కషాయం వరస ఒకటి తప్పక పెట్టండి. అది కూడా గులాబీ అయితే రంగుని నమ్మకుండా ప్రతి వెల్ నుంచి 10 మైక్రోలీటర్లు అగర్ మీద చుక్క పెట్టి, మర్నాడు మొలిచినవి చూడండి. చుక్కతో పాటు వెండి కూడా అగర్ మీదికి వెళ్లి అక్కడ ఆపుతుందన్న అనుమానం ఉంటే సోడియం థయోగ్లైకోలేట్‌తో వెండిని ముందే అణచాలి. అది బ్యాక్టీరియాకి హాని చేయడం లేదని విడిగా చూపించాలి.

కలిపితే బలం పెరగాలి కదా అన్న మాటకి సమాధానం ఇక్కడుంది. వెండి బ్యాక్టీరియాని చంపే దారుల్లో ఒకటి ఆ బ్యాక్టీరియా లోపల ఆక్సీకరణ ఒత్తిడి పెంచడం. యాంటీఆక్సిడెంట్ చేసే పని ఆ ఒత్తిడిని తగ్గించడం. కాబట్టి కషాయం ఎక్కువైన కొద్దీ రెండు గుణాలూ పెరుగుతాయనుకోకూడదు, ఒకదాన్నొకటి లాగుతాయి. నిజంగా తోడ్పాటు ఉందో లేదో, రెండిటినీ వేర్వేరు గాఢతల్లో కలిపి చూసే చెకర్‌బోర్డు పరీక్ష చెబుతుంది. ఊహకి మి.లీ.కి ఎంఐసీల లెక్క ఒకటి: కషాయం ఒంటరిగా 4 మి.గ్రా., కణాలతో కలిపితే 1 మి.గ్రా.; కణాలు ఒంటరిగా 16 మైక్రోగ్రాములు, కలిపితే 4. అంటే 0.25, 0.25 కలిపి 0.5. ఈ మొత్తాన్నే ఎఫ్‌ఐసీ అంటారు. ఎఫ్‌ఐసీ 0.5 లేదా అంతకు లోపు అయితేనే సినర్జీ (తోడ్పాటు) అనాలి. 0.5 దాటి 4 వరకు ఉంటే ప్రత్యేకంగా ఏమీ లేనట్టు, 4 దాటితే ఒకదానికొకటి అడ్డం. మూడు వెల్స్ కాదు, విడివిడిగా కాచిన మూడు బ్యాచ్‌ల మీద చేయండి.

పసుపు గురించి. కర్‌క్యుమిన్ నీళ్లలో దాదాపు కరగదు, దాని సొంత శిఖరం 425 దగ్గరే, సరిగ్గా వెండి కణాలు కనిపించే చోటే. పసుపులో సున్నం కలిపితే ఎర్రటి పారాణి అయినట్టు, పీహెచ్ పెంచగానే వెండి ఉన్నా లేకున్నా రంగు మారుతుంది. దుగ్గిరాల పసుపు గొప్పదే, కానీ ఈ ప్రయోగానికి నేల ఉసిరి కన్నా చాలా చిక్కు. వెండికి బదులు జింక్ ఆక్సైడ్ కణాలకి మారాలనుకుంటే 400 డిగ్రీల దగ్గర కాల్చే పద్ధతి వద్దు. అక్కడ కషాయం చాలావరకు కాలిపోతుంది, తర్వాత వచ్చిన యాంటీఆక్సిడెంట్ గుణాన్ని ఆకుకి కట్టబెట్టలేం.

పుండ్ల మీద రాయొద్దు, ఇంట్లో ఎవరికీ ఇవ్వొద్దు. వెండితో చేసిన గాయాల మందులు ఉన్న మాట నిజమే, కానీ వాటికి శుద్ధి, మోతాదు, విషప్రభావ పరీక్షలు జరిగి ఉంటాయి. మీ ఫ్లాస్కుకి అవేవీ లేవు. వెండి ద్రావణాలు అదేపనిగా తాగినవాళ్లకి చర్మం నీలి బూడిద రంగుకి తిరిగి అలాగే ఉండిపోతుంది.

మిగిలిన వెండి ద్రావణాలని సింకులో పోయకండి. ఒక సీసాలో పోగుచేసి, ఉప్పు నీళ్లు కలిపి సిల్వర్ క్లోరైడ్‌గా దించి, ఆ మడ్డిని ల్యాబు వ్యర్థాల డబ్బాకి ఇవ్వండి. బ్యాక్టీరియా ప్లేట్లని కడిగే ముందు 121 డిగ్రీల దగ్గర ఆటోక్లేవ్ చేయాలి.